కూతురి వాటా, భార్య కాగితం: తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో స్త్రీ హక్కులు

ప్రభువు నామమున అందరికీ వందనాలు. పాస్టర్ గార్లకు, సంఘ పెద్దలకు, ముఖ్యంగా స్త్రీల సమాజం తరఫున వచ్చిన అక్కచెల్లెళ్లకు.

క్రైస్తవంలో స్త్రీ స్థానం గురించి మాట్లాడమన్నారు. మన సంఘాల్లో ఈ మాట ఎత్తితే చర్చంతా పులిపీఠం (వాక్యం చెప్పే వేదిక) చుట్టూనే తిరుగుతుంది. స్త్రీ వాక్యం చెప్పవచ్చా, చెప్పకూడదా? ఒకరు మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయం తీసి స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలంటారు. ఇంకొకరు అదే పత్రిక 11వ అధ్యాయం తీసి, స్త్రీ తల మీద ముసుగు వేసుకుని ప్రార్థన చేయాలనీ ప్రవచించాలనీ అక్కడే రాశారు కదా, మౌనంగా ఉంటే ప్రవచించేదెలా అంటారు. రోమీయులకు 16వ అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే కనబడుతుంది. ఈ వాదన అవసరమే. దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్‌ఐ) 1970ల నుంచి స్త్రీలకు గురుపట్టాభిషేకం జరుగుతోంది. 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, ఆ సంఘ చరిత్రలో మొదటి మహిళా బిషప్. కతోలిక సంఘంలో గురుత్వం ఇప్పటికీ పురుషులకే.

అయితే ఈరోజు నా సమయమంతా దీని మీద పెట్టను. భర్త చనిపోయి అత్తగారింట్లో నిలబడిన ఆడమనిషికి, దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతురికి పులిపీఠం తర్వాతి సంగతి. ఆమె దగ్గర పెళ్లి కాగితం ఉందా, పొలంలో వాటా ఎంత, కేసు ఏ ఊళ్లో వేయాలి, ఇవీ ఆమెకు ముందు కావలసినవి. మన ఇళ్లలో పురుషుల పెత్తనం వాక్యం పేరుతో మాట్లాడుతుంది, కానీ గెలిచేది కాగితాల దగ్గర. అందుకని కాగితాల గురించే చెబుతాను.

ముందు ఆస్తి.

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు, మహలా, నోవా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర మోషే ముందూ, యాజకుడి ముందూ, సర్వసమాజం ముందూ నిలబడి మా తండ్రి భూమిలో మాకు వాటా ఇవ్వండని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు. వాళ్లకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఇచ్చారంటారా? యోబు గ్రంథం చివరి అధ్యాయం చదవండి. యోబుకు ఏడుగురు కొడుకులున్నారు. అయినా యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అనే ముగ్గురు కూతుళ్లకు వాళ్ల అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం ఇచ్చాడు. ఈ రెండు భాగాల మీద ప్రసంగాలు చాలా అరుదు. లోబడియుండుడి అన్న మాట మీద మాత్రం ప్రతి పెళ్లిలోనూ ప్రసంగం ఉంటుంది.

ఇక చట్టం. మన దేశంలో క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని మూలం 1865 చట్టంలో ఉంది. అంతకు ముందు ఏ చట్టం వర్తించాలో తేలక పెద్ద గొడవలే జరిగాయి. బళ్లారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవ వ్యాపారి చనిపోతే, ఆయన భార్య షార్లెట్‌కూ ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్‌కూ ఆస్తి తగాదా వచ్చింది. హిందూ ఉమ్మడి కుటుంబ పద్ధతిలో నాకు హక్కుందని తమ్ముడు వాదించాడు. ఆ కేసు అప్పట్లో ఆఖరి అప్పీలు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1863లో ఆ ఉమ్మడి కుటుంబ వాదనను కొట్టేశారు. రెండేళ్లకు వారసత్వ చట్టం వచ్చింది.

కేరళలో మేరీ రాయ్ గారు గెలిచిన కేసు వల్లే క్రైస్తవ స్త్రీలకు సమాన వాటా వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది కేరళ సంగతి. అక్కడ తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం అని 1916లో చేసినది ఒకటి ఉండేది. దాని ప్రకారం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. భార్యకు బతికినంత కాలమే అనుభవ హక్కు, మళ్లీ పెళ్లి చేసుకుంటే అదీ పోతుంది. 1951 నుంచే ఆ చట్టం చెల్లదని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన సంగతి వేరు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1865 చట్టం నుంచే కొడుకూ కూతురూ సమానం. అంటే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల క్రైస్తవ ఆడపిల్లకు చట్టం ఇచ్చిన సమాన వాటాకు నూటయాభై ఏళ్లు దాటాయి. అది ఆమె చేతికి ఎంతవరకు వచ్చిందో మీకే తెలుసు.

లెక్క చెబుతాను, రాసుకోండి. తండ్రి వీలునామా లేకుండా పోయాడు. 9 ఎకరాలు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. ముందు భార్యకు మూడో వంతు, 3 ఎకరాలు. మిగిలిన 6 ఎకరాలు ముగ్గురు పిల్లలకు సమానంగా తలా 2 ఎకరాలు. భార్య వాటా ఆమె సొంతం, అమ్ముకోవచ్చు, మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. పిల్లలు లేకపోతే భార్యకు సగం, మిగతా సగం భర్త రక్తసంబంధులకు. రక్తసంబంధులూ లేకపోతే మొత్తం భార్యదే. భార్య చనిపోతే ఆమె ఆస్తిలో భర్తకూ ఇదే లెక్క. ఆమెకు భర్తా పిల్లలూ లేకపోతే ఆస్తి ఆమె పుట్టింటివాళ్లకే వెళుతుంది, అత్తింటివాళ్లకు కాదు.

ఇప్పుడు అన్నదమ్ముల వాదనకు వద్దాం. అది అందరికీ కంఠతా వచ్చినదే: "పెళ్లప్పుడు కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, పసుపు కుంకుమ కింద అర ఎకరం రాశాం. నీ వాటా అయిపోయింది." చట్టంలో 49వ సెక్షన్ దీనికి సూటిగా జవాబిస్తుంది. తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చిన డబ్బు గానీ ఆస్తి గానీ, చనిపోయాక వచ్చే వాటా లెక్కలో కలపకూడదు. కొడుకు చదువుకు పెట్టిన ఖర్చూ కలపరు, కూతురి పెళ్లికి పెట్టిన ఖర్చూ కలపరు. చనిపోయిన రోజున తండ్రి పేరు మీద ఏముందో అదే పంపకానికి వస్తుంది. ఈ ఒక్క సెక్షన్ తెలిస్తే పెద్దల పంచాయితీలో సగం వాదన అక్కడే ఆగిపోతుంది.

మరి వాటా ఎక్కడ పోతోంది? మూడు చోట్ల.

మొదటిది సంతకం. తండ్రి దినం అయిన వారంలోపే అన్న ఒక స్టాంపు పేపరు తెస్తాడు. బ్యాంకు పని, పాస్‌బుక్ మార్పిడి అని చెప్పి సంతకం అడుగుతాడు. ఆ కాగితం తరచుగా హక్కు విడుదల పత్రం. ఇంట్లో కూర్చుని చేసిన సంతకంతో స్థిరాస్తి హక్కు పోదు, అలాంటి పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. కాబట్టి ఆఫీసుకు రమ్మంటే మాత్రం ముందు పత్రం కాపీ అడిగి, ఇంటికి తెచ్చుకుని, వేరే లాయర్‌తో చదివించుకోండి. వేలిముద్ర వేశాక అమ్మా నాన్నా అని ఏడ్చినా పత్రం మారదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకునేటప్పుడు కూతుళ్ల పేర్లు వదిలేయడం ఇంకో పద్ధతి. ఆ పత్రం మీద మీ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, తేదీ ముద్రతో రసీదు తీసుకోండి.

రెండోది వీలునామా. క్రైస్తవుల్లో పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు లేదు. తండ్రి తన ఆస్తి మొత్తాన్నీ కొడుకులకే రాయవచ్చు, చట్టం ఆపదు. కేరళలో 1986 తీర్పు తర్వాత కూతుళ్లను తప్పించే వీలునామాలకు అందుకే గిరాకీ వచ్చింది. పాస్టర్ గార్లూ, ముసలి తండ్రి మంచం పట్టినప్పుడు మిమ్మల్ని ప్రార్థనకు పిలుస్తారు, అదే గదిలో వీలునామాకు సాక్షిగా సంతకం పెట్టమంటారు. మీరు సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగవచ్చు: అమ్మాయి సంగతేంటి? అడిగే అధికారం మీకుంది, మీ మాటకు ఆ ఇంట్లో విలువ ఉంది. ఆ ప్రశ్న అడగకుండా ప్రార్థన చేసి సంతకం పెట్టి రావడాన్ని నేను పరిచర్య అనలేను.

కూతురికి మేలు చేద్దామనుకున్న తండ్రి కూడా ఇక్కడ పొరపాటు చేస్తాడు. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. నమ్మకస్థుడు కదా అని అల్లుడి చేతే సాక్షి సంతకం పెట్టిస్తాడు. 67వ సెక్షన్ ప్రకారం సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ ఇచ్చిన ఆస్తి చెల్లదు. వీలునామా మిగతాదంతా నిలుస్తుంది, కూతురికి రాసిన ముక్క మాత్రం పోతుంది. హిందువుల వీలునామాలకు ఈ సెక్షన్ వర్తించదు కాబట్టి పల్లెటూళ్లో దస్తావేజు లేఖరికి ఇది తట్టకపోవచ్చు. ఆస్తి దక్కనివాళ్లనే సాక్షులుగా పెట్టండి. ఇంకొకటి, 69వ సెక్షన్. వీలునామా రాసిన మనిషి ఆ తర్వాత పెళ్లి చేసుకుంటే ఆ వీలునామా రద్దయిపోతుంది. భార్య పోయాక పిల్లలకు రాసి, ఆపైన రెండో పెళ్లి చేసుకున్న తండ్రి మళ్లీ కొత్తగా రాయాలి.

మూడోది చట్టంలోనే ఉన్న లోపం. చనిపోయినవాడికి పిల్లలుంటే అతని తల్లికి ఏమీ రాదు. పిల్లలు లేకపోయినా, తండ్రి బతికుంటే భార్య సగం పోగా మిగిలిన సగమంతా తండ్రిదే, తల్లికి సెంటు కూడా రాదు. తండ్రి లేనప్పుడే తల్లి వారసురాలవుతుంది, అదీ చనిపోయినవాడి అన్నదమ్ములతో అక్కచెల్లెళ్లతో సమానంగా. దీన్ని మార్చాలని లా కమిషన్ 2014లో తన 247వ నివేదికలో చెప్పింది. అలాగే, మామ కంటే ముందే భర్త చనిపోతే, మామ ఆస్తిలో మనవలకు వాటా వస్తుంది గానీ ఆ విధవ కోడలికి రాదు. హిందూ చట్టంలో తల్లీ, ఇలాంటి కోడలూ ఇద్దరూ మొదటి తరగతి వారసులే. మన చట్టంలో కాదు. ఈ ఇద్దరి కోసం వీలునామా తప్పనిసరి, వేరే దారి లేదు.

ఇక్కడ అందరి మనసులో ఉన్న చిక్కు ప్రశ్న ఒకటుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకూ, సిక్కులకూ, బౌద్ధులకూ మాత్రమే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగ కుటుంబాలకు దాన్ని నిరాకరించడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. బాప్తిస్మంతో అంటరానితనం పోలేదు. ఆ అన్యాయం వల్ల ఆదివారం ఒక గుర్తింపు, సర్టిఫికెట్ మీద ఇంకో గుర్తింపు అయ్యాయి. బాప్తిస్మం తీసుకుని క్రైస్తవ విశ్వాసం ఆచరిస్తూ హిందూ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాక భయం పెరిగింది.

దీని భారం ఇంట్లో ఆడమనిషి మీద పడుతుంది. ఆమె క్రైస్తవ విడాకుల చట్టం కింద కేసు వేస్తే, భర్త కుల సర్టిఫికెట్ చూపించి మేం హిందువులం అంటాడు. హిందూ వివాహ చట్టం కింద వేస్తే, చర్చి పెళ్లి ఫొటోలు చూపించి మేం క్రైస్తవులం అంటాడు. కోర్టు చూసేది ఆ మనిషి ఏ మతాన్ని ఆచరిస్తున్నాడన్నది. బాప్తిస్మపు రిజిస్టరు, సంఘ సభ్యత్వం, పెళ్లి రిజిస్టరు, కుటుంబంలో జరిగిన భూస్థాపనలు, ఇవన్నీ సాక్ష్యాలే. విడాకుల చట్టం కింద కేసు వేయడానికి దంపతుల్లో ఒక్కరు క్రైస్తవులైతే చాలు. ఆస్తి విషయంలో అయితే చనిపోయినవాడి మతమే లెక్క. కూతుళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అన్న ఏ సర్టిఫికెట్ చూపించినా కూతురి సమాన వాటా పోదు. ఇందాకటి 9 ఎకరాలే తీసుకోండి. స్వార్జితమైతే హిందూ చట్టంలో భార్యకూ పిల్లలకూ తలా 2 ఎకరాల 25 సెంట్లు. చనిపోయినవాడి తల్లి కూడా ఉంటే ఐదుగురికీ తలా ఎకరం 80 సెంట్లు. మారేది వాటాల కొలతే. కొడుకూ కూతురూ అక్కడా సమానమే.

ఇక పెళ్లి కాగితం.

1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేయడానికి అధికారం అందరు బోధకులకూ లేదు. బిషప్ చేతి నుంచి అభిషేకం పొందిన గురువులు, ప్రభుత్వం నుంచి మ్యారేజ్ లైసెన్స్ పొందిన పాస్టర్లు, మ్యారేజ్ రిజిస్ట్రార్లు, ఇలా కొందరికే ఉంది. మన రెండు రాష్ట్రాల్లో స్వతంత్ర సంఘాలు ఊరూరా ఉన్నాయి. వాటిలో లైసెన్స్ లేని పాస్టర్లు పెళ్లిళ్లు చేసేస్తున్నారు. అధికారం లేని మనిషి చేసిన పెళ్లి చెల్లదని 4వ సెక్షన్ అంటుంది. తెలిసి చేసిన మనిషికి పదేళ్ల వరకు జైలు అని 68వ సెక్షన్ అంటుంది. పాస్టర్‌కు శిక్ష పడిన సందర్భాలు వెతకాలి. భార్యకు మాత్రం శిక్ష పడుతూనే ఉంది. భర్త వదిలేసిన రోజున అసలు పెళ్లే కాలేదంటాడు. ఆమె దగ్గర ఉన్నది ఒక శుభలేఖ, ఒక ఆల్బం.

కాబట్టి ప్రధానం రోజునే ఆడపిల్ల తరఫువాళ్లు పాస్టర్ గారి లైసెన్స్ నంబరు అడగాలి. అడిగితే అవమానం అనుకోవద్దు. భోజనాల కేటరింగ్‌కు అడ్వాన్సు ఇచ్చి రసీదు అడుగుతాం కదా. లైసెన్స్ లేకపోతే దీవెన ఆయన చేత చేయించుకుని, పెళ్లి మాత్రం అధికారం ఉన్న గురువు చేత చేయించండి. వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. ఇద్దరు సాక్షులు కావాలి. పెళ్లయ్యాక సర్టిఫికెట్ దంపతుల్లో ఎవరు అడిగినా ఇవ్వాలని 61వ సెక్షన్ చెబుతుంది. భార్య ఒక్కతే వచ్చి అడిగినా ఇవ్వాలి, మీ ఆయన్ని తీసుకురామ్మా అని పంపేయకూడదు. రెండు కాపీలు తీసుకుని ఒకటి పుట్టింట్లో ఉంచండి. ఇప్పటికే లైసెన్స్ లేని పెళ్లి అయిపోయి, భార్యాభర్తలు బాగానే ఉన్న జంటలుంటే, ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. 30 రోజుల నోటీసు ఉంటుంది. గొడవ వచ్చాక భర్త ఆ సంతకానికి రాడు, అందుకే ఇప్పుడే చేయండి.

విడాకుల సంగతి. సవరణకు ముందు 1869 చట్టంలో భర్త విడాకులు కోరడానికి భార్య వ్యభిచారం ఒక్కటి చాలు. భార్య కోరాలంటే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో, అలాంటిదేదో కూడా రుజువు చేయాలి. రోజూ కొడతాడు గానీ వేరే స్త్రీ లేదంటే ఆమెకు విడాకులే లేవు. భార్య తప్పు చేసిందంటే భర్త అవతలి మగవాడి దగ్గర నష్టపరిహారం కూడా రాబట్టవచ్చు, పోయిన వస్తువుకు వెల కట్టినట్టు. కేసు నడిచినంత కాలం భార్యకు ఇచ్చే భరణం భర్త ఆదాయంలో ఐదో వంతు దాటకూడదు. 1995లో కేరళ హైకోర్టు అందులో కొంత కొట్టేసింది, 2001లో పార్లమెంటు సవరించింది. 132 ఏళ్లు పట్టింది. ఇప్పుడు క్రూరత్వం ఒక్కటీ చాలు, రెండేళ్లు వదిలేయడం ఒక్కటీ చాలు, భార్యకైనా భర్తకైనా. ఐదో వంతు పరిమితీ పోయింది.

మిగిలిపోయిన ఇబ్బంది కేసు ఎక్కడ వేయాలన్నది. హిందూ స్త్రీ తాను ఇప్పుడు ఉంటున్న ఊరి కోర్టులో వేయవచ్చు. క్రైస్తవ స్త్రీకి ఆ వెసులుబాటు చట్టంలో రాయలేదు. పెళ్లి జరిగిన చోట, లేదా ఇద్దరూ ఆఖరున కలిసి ఉన్న చోట వేయాలి. హైదరాబాదులో కాపురం చేసి, శ్రీకాకుళంలో పుట్టింటికి వచ్చిన అమ్మాయి, పెళ్లి కూడా అత్తగారి ఊళ్లో జరిగి ఉంటే, ప్రతి వాయిదాకూ అంత దూరం వెళ్లాలి. అందుకే పెళ్లి పుట్టింటి సంఘంలో జరిగితే మేలంటాను. భరణం, గృహహింస కేసులు మాత్రం ఏ మతం వారైనా తాము ఉంటున్న చోటే వేయవచ్చు. పెళ్లి సర్టిఫికెట్ లేని స్త్రీకి కూడా గృహహింస చట్టంలో రక్షణ ఉంది, ఒకే ఇంట్లో పెళ్లి లాంటి బంధంలో ఉన్నట్టు చూపగలిగితే చాలు.

కతోలిక సహోదరీలకు ఒక హెచ్చరిక. సంఘ ట్రిబ్యునల్ మీ పెళ్లి చెల్లదని తీర్పు ఇచ్చినా దేశ చట్టం ముందు ఆ పెళ్లి అలాగే ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి చెల్లదు. కోర్టు డిక్రీ విడిగా తెచ్చుకోవాలి.

సంఘ పెద్దలకు నా విన్నపం. దెబ్బలు తిన్న ఆడపిల్ల మీ దగ్గరికి వచ్చినప్పుడు మలాకీ 2:16లో పరిత్యాగం నాకు అసహ్యం అన్న మాట చదివి ఆమెను వెనక్కి పంపేస్తున్నారు. అదే వచనంలో బలాత్కారం చేసేవాడూ నాకు అసహ్యుడే అని ఉంది. పూర్తిగా చదవండి. ఎఫెసీయులకు 5వ అధ్యాయంలో 22వ వచనానికి ముందు 21 ఉంది, ఒకరికొకరు లోబడమని. ఆ కూర్చున్న కమిటీలో కనీసం ఇద్దరు స్త్రీలు లేకుండా ఏ కుటుంబ తగాదా వినకండి. వినేముందు ఆమెను ఆసుపత్రికి పంపి గాయాల చీటీ రాయించండి. మందలింపు, ప్రార్థన, రాజీ, ఇవన్నీ ఆ తర్వాత. రాజీ పత్రం రాస్తే ఆమె చేతికి ఒక కాపీ ఇవ్వండి. ఆమె పోలీస్ స్టేషనుకు వెళ్తానంటే సంఘం పరువు పోతుందని ఆపకండి.

కోర్టు ఖర్చు గురించి భయపడేవాళ్లకు: స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. మండల న్యాయ సేవా కమిటీలో తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆధార్, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే అది, లేకపోతే సంఘ రిజిస్టరు నకలు, పొలం అడంగల్ లేదా పహాణీ, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల ధ్రువపత్రం), తండ్రి లేదా భర్త మరణ ధ్రువపత్రం తీసుకెళ్లండి. ఇవాళ కాగితాలు తెచ్చుకున్నవాళ్లు భోజనాలయ్యాక పక్క గదికి రండి. స్త్రీల సమాజం కార్యదర్శి గారు పేర్లు రాసుకుంటారు.